వాయిలి పొదలూ, బర్ల గడ్డీ

మా వాడకట్టు ఒడ్డు మీద ఒకప్పుడు ఏమేం చెట్లుండేవో వచ్చి చెప్పమని నా మేనకోడలు మౌనిక ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. లోపల ఏదో గుబులు మొదలైంది. మౌనిక, ఇప్పటికీ ఆ ఇంట్లోనే బర్లు పెంచుతున్న మా తమ్ముడు యాదగిరి కూతురు. వారమంతా ఆఫీసు పని చేసుకుని, ఆదివారాలు మాత్రం కిషన్‌బాగ్ పిల్లలు కొందరితో కలిసి, మా బర్ల కొట్టం వెనక నుంచి మూసీలోకి పోయే నాలాను బాగుచేస్తోంది. నీళ్ల మీద చాపలా పరుచుకున్న గుర్రపు డెక్కను లాగి గట్టున పడేస్తారు. ఒడ్డంతా అల్లుకున్న సర్కారు తుమ్మను వేళ్లతో సహా తవ్వి తీస్తారు. ఖాళీ అయిన చోట, బయటి నుంచి వచ్చిన మొక్కలు కాకుండా ఈ నేలలో ముందు నుంచీ ఉన్నవే మళ్లీ నాటాలని వాళ్ల పట్టుదల. "పుస్తకాలల్ల మూసీ పొంటి ఉండే చెట్ల పేర్లున్నయి గని, మన నాలా పక్కన ఏమున్నయో ఎవలకు తెల్వదు అత్తా. డాడీని అడిగితే ఎప్పుడూ గడ్డే ఉండెనంటడు. నువ్వొచ్చి చెప్పు," అన్నది.

నేను కాస్త రాసే మనిషిని కాబట్టి అన్నీ గుర్తుంటాయని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకమే నన్ను ఆ రోజంతా కుదురుగా కూర్చోనివ్వలేదు. ఊరికి ఇటు చివర, నాలుగో అంతస్తులో ఉన్న నా ఇంట్లో వంటగదికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. చాయ్ పొంగిపోయి స్టవ్ ఆరిపోయింది. కళ్లు మూసుకుని ఆ ఒడ్డును తలచుకుంటే ముందు చెట్లు రావడం లేదు, వాసనలు వస్తున్నాయి. నానబెట్టిన పల్లి చెక్క వాసన, కుడితి తొట్టి వాసన, పిడకల పొగ, పాలు అడుగంటిన గిన్నె వాసన. అడిగి సరిచూసుకుందామంటే అమ్మ లేదు, బాపు లేడు, పక్కింటి జైనబ్ ఖాలా లేదు. ఆ ఒడ్డు గురించి నేనేం చెబితే అదే నిజమైపోయే పరిస్థితి. అంత అధికారం నా చేతికి వచ్చినందుకే భయం వేసింది.

మాది తరతరాలుగా పాల వ్యాపారం చేసుకునే కుటుంబం. ముందు గదిలో మేముండేవాళ్లం, వెనక కొట్టంలో బర్లుండేవి. మధ్యలో ఉన్న గోడ పేరుకే గోడ. రాత్రి బర్రె దగ్గితే మాకు మెలకువ వచ్చేది, మేం దగ్గితే అవి చెవులు రిక్కించేవి. తెల్లవారకముందే అమ్మ వేళ్లకు కాస్త నెయ్యి రాసుకుని పాలు పిండటానికి కూర్చునేది. పిండుతున్నంతసేపూ బర్రెతో మాట్లాడేది. ముద్దు మాటలు కాదు, తిట్లే. అత్తగారిని ముఖం మీద అనలేనివీ, ఆడబిడ్డలను అనలేనివీ అన్నీ బర్రె చెవిలో వేసేది. బర్రె నెమరు వేస్తూ వినేది. బాపు పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుని హోటళ్లకు పోసి వచ్చేవాడు. ఇంట్లో అన్ని పాలున్నా, అమ్మ పెట్టిన చాయ్ ముట్టేవాడు కాదు. పాలు పోసిన హోటల్లోనే కూర్చుని, సాసర్‌లో పోసుకుని తాగి వచ్చేవాడు. "మన పాలు ఆడ ఎట్ల మరుగుతున్నయో సూసుకోవాలె గద," అనేవాడు. అమ్మకు ఆ మాట ఎప్పుడూ నచ్చలేదు.

కొట్టం వెనక తలుపు తీస్తే నేల వాగులోకి జారిపోయేది. అప్పుడు దాన్ని వాగు అనేవాళ్లం. నాలా అనే మాట ఎప్పుడు వచ్చి చేరిందో నేను గమనించలేదు. నీళ్లు అప్పుడు తేటగా ఉండేవని చెప్పాలని ఉంటుంది గానీ, అది పూర్తిగా నిజం కాదు. వానలు తగ్గాక కొన్నాళ్లు తేటగా ఉండేవి, మిగతా రోజుల్లో చాకలి సబ్బు నురగ తేలుతూ వచ్చేది. గట్టు మీద కానుగ చెట్లు. ఎండాకాలం వాటి పూలు పేలాల్లా రాలి, కింద నడిస్తే పాదాలకు మెత్తగా తగిలేవి. వాటి కింద ఏటవాలు నేల మీద ఈత పొదలు, వాటిని ఒరుసుకుంటూ వాయిలి పొదలు. పుస్తకాల్లో వావిలి అంటారు, మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనగా వినలేదు. నీటి అంచున రెల్లు, తుంగ. ఒక మేడి చెట్టు కూడా ఉండేదనుకుంటాను. దాని పళ్లు చితికి చీమలు పట్టడం గుర్తుంది, చెట్టు మాత్రం గుర్తుకు రావడం లేదు.

అన్నిటికన్నా మాకు పనికొచ్చింది వాయిలి. సాయంత్రం దోమలు ముసిరేవేళ ఎండిన వాయిలాకు నిప్పుల మీద వేసి కొట్టంలో పొగ పెట్టేది అమ్మ. ఆ ఘాటుకు కళ్లు మండేవి. యాదగిరి పుట్టినప్పుడు పెద్ద బానలో వాయిలాకు వేసి మరిగించిన నీళ్లతో అమ్మకు స్నానం చేయించారు. ఇల్లంతా చేదుగా, పచ్చగా, వేడిగా ఒక వాసన. ఆ బాన దగ్గర కూర్చుని ఆవిరి మొఖానికి తగిలించుకుంటూ, కొత్తగా వచ్చిన తమ్ముడి మీద కోపం తీర్చుకోవడానికి ఏం చేయాలా అని ఆలోచించిన పిల్లను నేను.

కానీ ఆ పొదల అసలు ఉపయోగం ఇది కాదు. మా వాడకట్టులో అప్పుడు ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. ఆ పొదలే ఆడవాళ్లందరికీ మరుగు. తెల్లవారకముందు ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి, ఇద్దరు ముగ్గురు కలిసి చెంబులు పట్టుకుని వెళ్లేవాళ్లం. పగలు అవసరం పడితే ఓర్చుకునేవాళ్లం. పాములుండేవి. ఈత ముళ్లు గుచ్చుకునేవి. అవతలి ఒడ్డు నుంచి ఎవరైనా చూస్తున్నారేమోనని భయపడుతూనే కూర్చునేవాళ్లం. జైనబ్ ఖాలా బురఖా కొంగు అడ్డం పట్టి, "ఆరామ్‌సే బైఠో బేటా, నేనున్న కదా," అనేది. ఆ ఒడ్డు అందం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు కాళ్లలో వణుకే ముందు గుర్తుకొస్తుంది.

బర్లు పెరిగాయి. ఎండుగడ్డి ధర కూడా పెరిగింది. మూసీ పొడుగునా పాలవాళ్లు అప్పటికే ఒక రకం గడ్డి పెంచుతున్నారు. మురికి నీళ్లంటే దానికి ప్రాణం. ఒక కణుపు గుచ్చితే చాలు, వారాల్లో నేల కప్పేస్తుంది. బాపు ఒక బండెడు గడ్డి కాడలు తెచ్చి వాగు అంచున నాటడం మొదలుపెట్టాడు. ముందు రెల్లు పోయింది, తుంగ పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఈత పొదలు కొట్టేశాడు. ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒక మధ్యాహ్నం బాపు, మా పెదనాయన గొడ్డళ్లు పట్టుకుని వాయిలి పొదల మీదికి వచ్చారు. నేను పేడకళ్లు ఎత్తుతున్నాను. అమ్మ కుడితి కలుపుతున్నదల్లా, చేతులు కడుక్కోకుండానే వెనక తలుపులోంచి దిగి, పొదల ముందుకు వెళ్లి నిలబడింది. తడి చేతుల నుంచి కుడితి కారుతోంది.

"జరుగు," అన్నాడు బాపు.

"జరగ."

"గడ్డి లేకుంటే బర్లు ఏం తినాలె? నీ పిల్లలేం తినాలె?"

అమ్మ తల ఎత్తలేదు. బావగారి ముందు, పక్కింటివాళ్లకు వినబడేలా, భర్తతో ఆ సంగతి మాట్లాడటం ఆమెకు చావుతో సమానం. అయినా మాట్లాడింది. "బర్ల కడుపే సూస్తున్నవు. మాకు కడుపు లేదా? నువ్వు ఇది కొట్టేస్తే మేమెటు పోవాలె? నీ బిడ్డ ఎటు పోవాలె?"

పెదనాయన గొడ్డలి భుజాన వేసుకుని అటు తిరిగి నిలబడ్డాడు. అంతలో గోడ అవతలి నుంచి జైనబ్ ఖాలా దిగి వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఎవరూ గొడవ చేయలేదు. వచ్చి అమ్మ పక్కన నిలబడ్డారు, అంతే. "నక్కో భాయ్," అన్నది ఖాలా. "ఇది ఉండనీ. నీకు ఆ దిక్కు మస్తు జాగ ఉన్నది. మాకు ఇదొక్కటే ఉన్నది." బాపు చాలాసేపు వాళ్లను చూశాడు. వాళ్లను కాదు, వాళ్ల కాళ్ల దగ్గరి నేలను చూశాడనాలి. తర్వాత పైకెక్కి, సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మొట్టమొదటిసారి ఇంట్లోనే చాయ్ పెట్టమన్నాడు. అమ్మ పెట్టింది.

ఆ పొదలు మిగిలాయి. అమ్మ గెలిచింది. ఈ కథ ఇక్కడ ఆపితే బాగుంటుందని నాకు తెలుసు. కానీ అమ్మే ఆ తర్వాత రోజూ ఆ గడ్డి కోసింది. తల మీద మోపులు మోసింది. ఆ గడ్డితోనే పాలు పెరిగాయి, ఆ పాలతోనే నేను కాలేజీకి వెళ్లాను. బాపు మళ్లీ గొడ్డలి పట్టలేదు. అవసరం లేకపోయింది. గడ్డి దానంతట అదే ఏటేటా పొదల్లోకి పాకింది. తర్వాత ఇళ్లలో మరుగుదొడ్లు వచ్చాయి. మా ఇంట్లో కట్టిన రోజు అమ్మ దాని తలుపు వేసి తీసి, వేసి తీసి చూసుకుంది. ఆ తర్వాత ఆ పొదల దగ్గరికి ఎవరూ పోలేదు. ఎవరూ పోని చోటికి సర్కారు తుమ్మ వచ్చింది. వాయిలిని కాపాడింది చెట్ల మీద ప్రేమ కాదు, మా ఇబ్బంది. ఇబ్బంది తీరగానే అది ఎవరికీ పట్టలేదు. ఇది నేను ఆ పిల్లలకు చెప్పాలా, వద్దా? ఆటోలో కిషన్‌బాగ్ వెళ్తున్నంతసేపూ అదే ఆలోచన. రెండుసార్లు వెనక్కి తిప్పమందామనుకున్నాను.

మౌనిక వాళ్లు అప్పటికే ఒడ్డు సగం శుభ్రం చేశారు. తుమ్మ పోయాక నేల గుండు గీసిన తలలా ఉంది. చిన్న చిన్న కానుగ మొక్కలు, తెల్లమద్ది మొక్కలు కర్రలకు కట్టి నిలబెట్టారు. వాటి పక్కనే, నీటి దాకా, యాదగిరి గడ్డి. దట్టంగా, నిగనిగలాడుతూ, మా బాపు నాటిన గడ్డే. పిల్లలు నా చుట్టూ కూర్చున్నారు. నేను చెప్పాను. ఏ చెట్టు ఎక్కడుండేదో చెప్పాను. మేడి గురించి నమ్మకం లేదని కూడా చెప్పాను. ఇక ఆపేద్దామనుకునేసరికి ఒక అమ్మాయి, "అప్పట్ల ఈ జాగ మస్తు అందంగ ఉండేటిదేమో కదా ఆంటీ," అన్నది. ఆ మాటకు ఆగలేకపోయాను. చెంబులు, చీకటి, పాములు, అమ్మ తడి చేతులు, బాపు గొడ్డలి, అన్నీ చెప్పేశాను. చెప్పడం అయ్యాక తలెత్తితే, కొట్టం తలుపు దగ్గర యాదగిరి నిలబడి ఉన్నాడు. విన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు.

అన్నం దగ్గర వాడు ముద్ద ఎత్తలేదు. "బాపు పేరు గంగల కలిపినవు అక్కా," అన్నాడు. "అందరి ముంగట బాపును చెట్లు నరికిన దొంగను చేసినవు."

"దొంగ అనలేదు రా. ఆ గడ్డితోనే నేను గూడ బతికిన అని చెప్పిన."

"అది ఎవలు ఇంటరు? ఇగ రేపటి సంది ఆ పోరగాండ్లు ఈ గడ్డి మన ఊరిది గాదు, పీకెయ్యాలె అంటరు. నా బిడ్డనే అంటది. పీకు మరి. బర్లకు నీ మొక్కల ఆకులు పెడ్త."

మౌనిక కంచం ముందు నుంచి లేవకుండానే అన్నది. "పీకుమని నేనెప్పుడన్న డాడీ? ఆ గడ్డి నీళ్లకు అడ్డం పడ్తున్నది అన్న. డెక్క కొట్టుకొచ్చి దాంట్లనే ఇరుక్కుంటున్నది. జర ఎన్కకు జరుపు అన్న."

"ఎన్కకు జరిగితే నాకు మిగిలేదేంది?"

మా మరదలు లలిత పప్పు గిన్నె పట్టుకుని నిలబడి, ఎవరికి వడ్డించాలో తెలియక నా కంచంలోనే మళ్లీ మళ్లీ పోసింది. నేను ఎవరి పక్షమో నాకే తేలలేదు. పెద్దదాన్ని, ఒక మాట చెప్పి సర్దాలి. అమ్మ చేసింది న్యాయమే, బాపు చేసింది అవసరమే అని చెప్పబోయాను. అది ఎంత అందంగా తయారు చేసుకున్న మాటో నాకే వినబడి, నోరు మూసుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా నిద్ర సరిగా పట్టలేదు.

ఆ వానాకాలం మొదట్లోనే గట్టి వాన పడింది. పొద్దున్నే లలిత ఫోన్ చేసి, "వదినె, కొట్టంల నీళ్లొచ్చినయ్, నువ్వు ఫికర్ పడకు," అన్నది. ఫికర్ పడకు అన్నాక పడకుండా ఎవరుంటారు? నేను వెళ్లేసరికి వాన తెరిపిచ్చింది. బర్లు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. చిన్న దూడను ముందు గదిలో, మంచం పక్కన కట్టేశారు. వెనక తలుపు తీసి చూస్తే, మౌనిక వాళ్లు తుమ్మ తవ్వేసిన ఒడ్డులోంచి ఒక పెద్ద ముక్క జారి నాలాలో పడింది. నాటిన మొక్కల్లో చాలా వరకు లేవు. యాదగిరి గడ్డి మాత్రం కదలలేదు. కదలలేదు గనుకే, పైనుంచి కొట్టుకొచ్చిన డెక్క, ప్లాస్టిక్, కొమ్మలు అన్నీ దానికి చిక్కుకుని గోడలా నిలబడ్డాయి. నీళ్లకు దారి లేక కొట్టంలోకి తిరిగాయి. ఒక ఒడ్డు పట్టు లేక పోయింది, ఒకటి పట్టు వదలక ముంచింది.

తండ్రీ కూతురూ పక్కపక్కనే నిలబడి అదే చూస్తున్నారు. నీ వల్లే ఇట్లయింది అని ఇద్దరిలో ఒకరు ఇంకొకరిని అంటారేమోనని నాకు భయం. ముందు మౌనిక మాట్లాడింది. "అంత ఒక్కసారి తవ్వకుంటే మంచిగుండు. కొంచెం కొంచెం తీసి, మొక్కలు వేర్లు పట్టినంక మిగిలింది తియ్యాలె. నేనే తొందరపడ్డ." ముఖం తుడుచుకుంది.

యాదగిరి నీళ్లలోకి దిగి, గడ్డికి చిక్కుకున్న డెక్కను లాగడం మొదలుపెట్టాడు. మౌనికా దిగింది. లలితా దిగింది. నా మోకాళ్లు మొండికేస్తున్నా నేనూ గట్టు అంచున కూర్చుని, వాళ్లు విసిరింది వెనక్కి లాగాను. చేతులంతా బురద. డెక్క వేళ్ల మధ్య పురుగులు. మురుగు వాసన. చాలాసేపటికి నీళ్లకు కాస్త సందు దొరికి, గుడగుడమని కదిలాయి. కొట్టంలో నీటి మట్టం తగ్గుతుంటే గోడ మీద తడి గీత కనబడింది. అప్పుడు యాదగిరి నడుం నిమురుకుంటూ కూతురితో అన్నాడు. "ఎంత ఎన్కకు జరుపాలె?"

"అంత ఒక్కసారి వద్దు డాడీ. ఈ ఏడు నీళ్ల అంచు పొంటి ఒక పట్టీ. అండ్ల తుంగ పెడదాం, రెల్లు పెడదాం. అవి ఒడ్డును పట్టుకుంటే, వచ్చే ఏడు ఇంకో పట్టీ."

"మరి బర్లకు?"

మౌనిక చేతిలోని డెక్కను గట్టున పడేసింది. "తెల్వదు. ఎతకాలె," అన్నది. జల్‌పల్లి దిక్కు ఎవరిదైనా చెలక కౌలుకు దొరుకుతుందేమో అడగాలని యాదగిరి గొణిగాడు. అక్కడ ఇప్పుడు చెలకలెక్కడివి, అన్నీ ప్లాట్లే అని లలిత అన్నది. దొరికితే బర్లనే అటు తోలుకుపోవాలేమో అని వాడే అన్నాడు. అమ్మ ముందు బాపు నిలబడ్డప్పుడు, ఎటు పోవాలె అన్న ప్రశ్న ఆడవాళ్లదే. ఇప్పుడది అందరిదీ అయింది. అడ్డంగా నిలబడటానికి ఒకరికి ఎదురుగా ఇంకొకరు లేరు. నాకు ఆ క్షణంలో అప్పటి రోజులే నయమనిపించలేదు, ఇప్పటివే మేలనీ అనిపించలేదు. చేతులు కడుక్కోవాలని మాత్రం అనిపించింది, కడుక్కోవడానికి మంచి నీళ్ల కోసం లోపలికి వెళ్లాలి.

నేను లేస్తుండగా యాదగిరి వంగి, నీటి అంచున గడ్డి దుబ్బు ఒకటి రెండు చేతులా పట్టి లాగాడు. రాలేదు. కాళ్లు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. బురద కారుతున్న వేళ్లతో సహా ఊడి వచ్చింది. దాన్ని నీళ్లలో జాడించి, నడుముకున్న కొడవలితో వేర్లు కోసేసి, కొట్టం వైపు విసిరాడు. పచ్చిగడ్డి వాసనకు బర్లన్నీ మెడలు చాచి ఒక్కసారి అరిచాయి. వాడు ఇంకో దుబ్బు పట్టాడు. ఆ పూట బర్లు కడుపు నిండా తిన్నాయి.